ముద్ద దిగేలోపు స్పృహ తప్పితే...

2002 జనవరి 13, ఆదివారం సాయంత్రం. అమెరికా అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ వైట్‌హౌస్‌లో సోఫా మీద కూర్చుని టీవీలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్నారు. ప్రెట్జెల్ తింటున్నారు. మెలితిప్పి కాల్చిన ఉప్పు బిస్కెట్ లాంటి చిరుతిండి అది. ఒక ముక్క సరిగ్గా దిగలేదు. ఆ తర్వాత ఆయనకు తెలిసింది తాను నేల మీద పడి ఉన్నానన్నదే. ఎడమ చెంప గీరుకుపోయింది, పెదవికి దెబ్బ తగిలింది. పెంపుడు కుక్కలు రెండూ ముందున్న చోటే ఉండి ఆయన వంక చూస్తున్నాయి. అవి కదల్లేదు కాబట్టి స్పృహ తప్పింది కొద్ది సెకన్లే అయి ఉంటుందని లెక్కకట్టారు.

వైట్‌హౌస్ వైద్యుడు రిచర్డ్ టబ్ చెప్పిన కారణం సూటిగా ఉంది. గొంతులో ఇరుక్కున్న ముక్క వేగస్ అనే నాడిని రెచ్చగొట్టింది. దాంతో గుండె వేగం పడిపోయింది, మెదడుకు రక్తం తగ్గింది, మనిషి పడిపోయాడు. అప్పటికి ఒకటి రెండు రోజులుగా అధ్యక్షుడి ఒంట్లో నలతగా ఉంది. బాగా వ్యాయామం చేసే మనిషి కావడంతో గుండె వేగం మామూలుగానే నెమ్మది. పరీక్షల్లో గుండెకు సంబంధించిన లోపమేదీ కనిపించలేదు.

కొన్నాళ్లపాటు టీవీల్లో, పత్రికల్లో ప్రెట్జెల్ మీద ఒకటే హాస్యాలు. బాగా నమిలి మింగమన్న అమ్మ మాట వినాల్సిందంటూ బుష్ కూడా నవ్వేశారు. ఆయనకు అది అంతటితో పోయింది. కొందరికి అలా పోదు. అన్నం ముద్దో, చపాతీ ముక్కో, చల్లని సోడా గుక్కో గొంతు దాటిన ప్రతిసారీ కళ్లు బైర్లు కమ్ముతాయి. పళ్లెం ముందే వాలిపోతారు. అర నిమిషంలో కళ్లు తెరిచి, చుట్టూ మూగిన వాళ్లను చూసి ఏమైందని అడుగుతారు. దీన్ని వైద్యులు స్వాలో సింకోప్ అంటారు. మింగడమే కారణమై స్పృహ తప్పడం అన్నమాట.

జీవితంలో ఒక్కసారైనా స్పృహ తప్పి పడిపోయేవారు ప్రతి ముగ్గురిలో ఒకరు ఉంటారు. ఎండలో ఎక్కువసేపు నిలబడితే పడేవారు, రక్తం చూస్తే పడేవారు, అర్ధరాత్రి లేచి మూత్రానికి వెళ్లి పడేవారు, దగ్గు తెరల మధ్య పడేవారు మనకు తెలుసు. మింగుతూ పడేవారు చాలా అరుదు. వైద్య పత్రికల్లో ఉన్నవి కూడా చాలావరకు ఒక్కో డాక్టరు తన దగ్గరికొచ్చిన ఒక్కో రోగి గురించి రాసిన నివేదికలే. ఇంత అరుదైనదాని గురించి ఇంత పెద్ద కథనం ఎందుకంటే, దీన్ని కనిపెట్టడానికి కావలసిన ఆధారం ఖరీదైన యంత్రం దగ్గర కాకుండా రోగి దగ్గర, ఆ పూట పక్కన కూర్చుని భోంచేసిన వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు చెప్పకపోతే, డాక్టరు అడగకపోతే, రోగి ఏళ్ల తరబడి లేని జబ్బుకు మందులు మింగుతూ ఉండిపోవచ్చు.

గొంతుకూ గుండెకూ ఒకే నాడి

మనం రోజుకు వందలసార్లు మింగుతాం. నమిలిన ముద్దను నాలుక వెనక్కి నెట్టేదాకానే పని మన చేతుల్లో ఉంటుంది. గొంతు దాటడానికి సుమారు ఒక సెకను. అక్కణ్నుంచి దాదాపు 25 సెంటీమీటర్ల పొడవున్న అన్నవాహిక ముద్ద వెనక బిగుస్తూ, ముందు వదులవుతూ 8 నుంచి 10 సెకన్లలో దాన్ని కడుపులోకి దింపుతుంది. గోడ ఎక్కడ ఎంత సాగిందో మెదడు కాండానికి ఎప్పటికప్పుడు కబురు వెళ్తూ ఉంటుంది. ఆ కబురు మోసేది ప్రధానంగా వేగస్ నాడే.

అదే నాడి శాఖలు గుండెకూ వెళ్తాయి. అక్కడ దాని పని బ్రేకు వేయడం. వేగస్‌ను విద్యుత్తుతో ప్రేరేపిస్తే గుండె నెమ్మదిస్తుందని, ఆగిపోతుందని కూడా 1845లో జర్మనీకి చెందిన వేబర్ సోదరులు చూపించారు. ఆ బ్రేకు పడే తీరును 1921లో ఆస్ట్రియాలో ఒట్టో లోవీ కప్ప గుండెల మీద తేల్చారు. ఒక గుండెకు వెళ్లే వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో గుండెకు అందిస్తే, ఏ నాడీ ముట్టుకోని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. నాడి చివర విడుదలైన రసాయనం ఎసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి లోవీకి నోబెల్ వచ్చింది.

స్వాలో సింకోప్ ఉన్నవారిలో అన్నవాహిక సాగిన కబురు మెదడు కాండానికి చేరగానే, గుండెకు తిరిగి వెళ్లే ఆజ్ఞ అతిగా ఉంటుంది. ఒక్కోసారి గుండె కొట్టుకోవడానికి సంకేతం పుట్టించే సైనస్ నోడే మూగబోతుంది. ఒక్కోసారి సంకేతం పుడుతుంది కానీ పై గదుల నుంచి కింది గదులకు దిగదు. దీన్నే హార్ట్ బ్లాక్ అంటారు. కొద్దిమందిలో గుండె వేగం మరీ తగ్గకుండానే రక్తనాళాలు వదులై బీపీ పడిపోతుంది. మెదడుకు రక్తసరఫరా 6 నుంచి 8 సెకన్లు పూర్తిగా ఆగితే చాలు, స్పృహ పోతుంది. ముద్ద అన్నవాహికలో సగం దారిలో ఉండగానే మనిషి పడిపోవడానికి కారణం ఇదే.

ఏది మింగితే వస్తుందన్నది మనిషికో రకం. గట్టి ఆహారం, సరిగా నమలని పెద్ద ముద్ద, గ్యాస్ నింపిన కూల్‌డ్రింకులు, బాగా చల్లని లేదా బాగా వేడి ద్రవాలు ఎక్కువగా నమోదయ్యాయి. కొందరికి ఒకే ఒక్క పదార్థంతో వస్తుంది, మిగతావన్నీ హాయిగా తింటారు. అందుకే ఇంట్లోవాళ్లు నమ్మరు. "నిన్న ఇదే అన్నం తిన్నావు కదా, ఇవాళ ఏమొచ్చింది?" అంటారు. నమ్మడం లేదని తెలిశాక రోగి చెప్పడం మానేస్తాడు. నలుగురిలో భోజనానికి కూర్చోవడం మానేస్తాడు. బంధువుల ఇంట పెళ్లి భోజనం కూడా వద్దంటాడు. తిండి అంటేనే భయం పట్టుకుని బరువు తగ్గిపోయేవారూ ఉంటారు. ఈ జబ్బులో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ ఒంటరితనమే. పడిపోవడం కొన్ని సెకన్లు. దాని భయం రోజుకు మూడు పూటలు.

వెనక మరో జబ్బు దాగి ఉండే అవకాశం కూడా ఉంది. కడుపు పైభాగం ఛాతీలోకి జారే హయాటస్ హెర్నియా, అన్నవాహిక అడుగున కవాటం వదులు కాని అకలేసియా, అన్నవాహిక గోడ పట్టేసే స్పాజమ్, సన్నబడిన మార్గం, కొన్నిసార్లు కణితి దీనికి తోడుగా కనిపించాయి. గుండెపోటు వచ్చిన రోజుల్లోనూ ఇలా జరగవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే డిగాక్సిన్, బీటా బ్లాకర్లు, కొన్ని రకాల కాల్షియం ఛానల్ బ్లాకర్లు వాడేవారిలో ఈ ధోరణి పెరుగుతుంది. అన్నీ వెతికాక ఏ లోపమూ దొరకని వాళ్లు కూడా ఉంటారు.

తాళాల గుత్తి, ఉల్లిపాయ, మూర్ఛ మాత్రలు

తింటున్న మనిషి పడిపోతే మన ఇళ్లలో ముందు జరిగేది ఏమిటో మనకు తెలుసు. ఒకరు నెత్తిన తడతారు. పొలమారిందనీ ఎవరో తలుచుకుంటున్నారనీ అంటారు. ఇంకొకరు చేతిలో తాళాల గుత్తి పెడతారు, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెడతారు. మరొకరు నోట్లో నీళ్లు పోస్తారు. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు; ఈ ఒక్కటీ ప్రాణం మీదికి తెచ్చే పని. ఇక నోట్లో మిగిలిన ముద్ద గురించి ఎవరికీ గుర్తుండదు. మనిషిని చదునుగా పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో కంటికి కనిపించే ఆహారం ఉంటే తీసేయాలి. మామూలు సొమ్మ అయితే తల గుండె ఎత్తుకు రాగానే మెదడుకు రక్తం చేరి దానంతట అదే తెలివి వస్తుంది. తెలివి రాకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి; ఊపిరి కూడా సరిగా లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

గొంతులో ముద్ద అడ్డుపడి ఊపిరాడకపోవడం వేరు. ఆ మనిషి ఒక్కసారిగా పడిపోడు. గొంతు పట్టుకుంటాడు, మాట రాదు, దగ్గలేడు, ముఖం కమిలిపోతుంది. అప్పుడు వీపు మీద గట్టిగా ఐదు దెబ్బలు, ఆ తర్వాత వెనక నుంచి పట్టుకుని పొట్ట పైభాగంలో లోపలికి, పైకి ఐదు నొక్కులు మార్చి మార్చి ఇవ్వాలి. స్వాలో సింకోప్‌లో ఈ పెనుగులాట ఉండదు. మింగిన కొద్ది సెకన్లకే ముఖం పాలిపోయి, చప్పుడు లేకుండా వాలిపోతాడు.

అసలు చిక్కు మూర్ఛ దగ్గర వస్తుంది. రక్తం అందని మెదడు కొన్ని సెకన్లు చేతులూ కాళ్లూ కొట్టించవచ్చు. చూసినవాళ్లు "ఫిట్స్ వచ్చాయి డాక్టర్‌గారూ" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. చూసింది చెప్పారు. కానీ ఆ ఒక్క మాటతో మెదడు తరంగాలను చూసే ఈఈజీ, మెదడు స్కానింగ్, ఏళ్ల తరబడి మాత్రలు మొదలవుతాయి. మూర్ఛ అన్న ముద్ర పడితే మన దగ్గర పెళ్లి సంబంధాలు, ఉద్యోగం, బండి నడపడం అన్నిటి మీదా దాని నీడ పడుతుంది. తేడాను పట్టించే గుర్తులు ఉన్నాయి. సొమ్మలో కుదుపులు కొద్ది సెకన్లే ఉంటాయి, పడిపోయాక వస్తాయి, తెలివి రాగానే మనిషి చాలావరకు మామూలవుతాడు. మూర్ఛలో కుదుపులు నిమిషం, రెండు నిమిషాలు సాగుతాయి, నాలుక పక్కవైపు తెగుతుంది, ఆ తర్వాత చాలాసేపు మనిషి అయోమయంగా ఉంటాడు.

అయితే కథ ఇంత తేలిక కాదు. తింటుంటే వచ్చే మూర్ఛ కూడా నిజంగా ఉంది. దాన్ని ఈటింగ్ ఎపిలెప్సీ అంటారు. దాని గురించిన నివేదికల్లో శ్రీలంక, మన దేశం నుంచి వచ్చినవి గణనీయంగా ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు 1984లోనే దీని మీద రాశారు. కాబట్టి మన దగ్గర తింటూ పడిపోయిన ప్రతివాళ్లదీ గుండె సమస్యేనని తీర్మానించుకోవడం, ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపేయడం ప్రమాదం. రెండింటినీ వేరు చేయాలంటే తింటున్నప్పుడు గుండెనూ మెదడునూ ఒకేసారి గమనించాలి. వీడియో ఈఈజీ తీసేటప్పుడు ఈసీజీ తీగ కూడా తగిలించేది అందుకే.

భోంచేసిన తర్వాత అరగంటకో గంటకో లేచి నిలబడి తూలిపడే పెద్దవాళ్ల సంగతి మళ్లీ వేరు. అది భోజనం తర్వాత బీపీ పడిపోవడం. గొంతులో, చెవిలో కరెంటు షాకు లాంటి నొప్పి వచ్చి, ఆ వెంటనే స్పృహ తప్పితే గ్లాసోఫారింజియల్ న్యూరాల్జియా అనే నాడీ నొప్పిని అనుమానించాలి. నొప్పి ముందా, ముద్ద ముందా, ఎన్ని నిమిషాలకు పడ్డారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికితే దారి సగం తేలినట్టే.

ఈసీజీ తగిలించి తినిపించే పరీక్ష

స్పృహ తప్పి వచ్చిన ఎవరికైనా మొదట చేయాల్సినవి మూడు: జరిగింది వివరంగా వినడం, పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూడటం, ఈసీజీ తీయడం. స్వాలో సింకోప్ రోగి ఈసీజీ చాలాసార్లు నున్నగా మామూలుగా వస్తుంది. ఆ కాగితం చూసి "ఏం లేదు, నీరసం, బాగా తినండి" అని పంపేయడం జరుగుతుంది. తింటేనే పడిపోయే మనిషికి అది ఎంత కష్టమైన సలహానో చెప్పనక్కర్లేదు. ఈసీజీ అబద్ధం చెప్పలేదు. తీసిన ఆ పది సెకన్లలో అతను ఏమీ మింగలేదు.

తర్వాతి మెట్టు హోల్టర్. గుండె లయను ఒకరోజో రెండురోజులో ఆగకుండా రాసుకునే చిన్న పెట్టె. దీన్ని మొదలుపెట్టిన నార్మన్ హోల్టర్ అమెరికాలోని మోంటానా రాష్ట్రంవాడు. 1940ల చివర్లో ఆయన తయారు చేసిన మొదటి పరికరం బరువు దాదాపు 38 కిలోలు, వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడది జేబులో పడుతుంది. అయినా ఒక మాట రోగికి చెప్పకపోతే ఆ పరీక్ష వృథా. పెట్టె తగిలించుకున్న రోజు భయంతో పాలు, మజ్జిగతో సరిపెట్టుకుంటే అందులో ఏమీ పడదు. ఏది తింటే ఇబ్బందో, దాన్ని డాక్టరుతో మాట్లాడి, పక్కన మనిషి ఉండగా, కూర్చుని తినాలి. తల తేలిపోయినట్టు అనిపించిన క్షణాన బటన్ నొక్కాలి. ఎన్ని గంటలకు ఏం తిన్నారో కాగితం మీద రాయాలి. ఈ కాగితం లేని హోల్టర్ రిపోర్టులో గుండె ఆగిన చోటు కనిపించినా, ఎందుకు ఆగిందో తెలియదు.

అన్నిటికన్నా సూటిగా తేల్చే పరీక్ష ఆస్పత్రిలో, ఈసీజీ మానిటర్ ముందు, మింగించి చూడటం. వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. కానీ ఇంట్లో ప్రయత్నించాల్సింది కాదు. చేతికి సెలైన్ సూది పెట్టి ఉంచుతారు. గుండె మరీ నెమ్మదిస్తే ఇవ్వడానికి అట్రోపిన్ సిద్ధంగా ఉంటుంది, గుండెను మళ్లీ కొట్టించే సరంజామా పక్కనే ఉంటుంది. రోగి పడిపోయినా దెబ్బ తగలకుండా వాలు మంచం మీద కూర్చోబెడతారు. మొదట మామూలు నీళ్లు. తర్వాత చల్లని నీళ్లు, వేడివి, కూల్‌డ్రింకు. ఆ తర్వాత బ్రెడ్డు లాంటి గట్టి పదార్థం. చివరికి రోగి తనకు వస్తుందని చెప్పిన పదార్థం. అది ఇంటి దగ్గర్నుంచి తెచ్చిందైతే మరీ మంచిది. ప్రతి గుక్కకూ, ప్రతి ముద్దకూ మింగిన క్షణాన్ని ఈసీజీ పట్టీ మీద గుర్తిస్తారు.

ముద్ద దిగిన కొద్ది సెకన్లకు పట్టీ మీద గీతలు ఒకదానికొకటి దూరమవుతాయి. తర్వాత ఏ గీతా లేని ఖాళీ వస్తుంది. పై గదుల గుర్తులు కూడా మాయమైతే సైనస్ నోడ్ ఆగినట్టు. పై గదుల చిన్న అలలు వరసగా వస్తూ, కింది గదుల పెద్ద గీతలు మాత్రమే లేకపోతే హార్ట్ బ్లాక్. ఆ ఖాళీ 3 సెకన్లు దాటడం, అదే సమయంలో రోగి "కళ్లు తిరుగుతున్నాయి" అనడం, రెండూ ఒక్కచోట కలవాలి. కలిశాయంటే వాదనకు తావు లేదు. తర్వాత అట్రోపిన్ ఇచ్చి అదే ముద్ద మళ్లీ మింగించి చూడవచ్చు. అట్రోపిన్ ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. ఈసారి గుండె ఆగకపోతే, లోపం వేగస్ దారిలో ఉందని రుజువైనట్టే. కప్ప గుండెల మీద లోవీ తేల్చిన రసాయనం నూరేళ్ల తర్వాత రోగి మంచం పక్కన ఇలా సాక్ష్యానికి వస్తుంది.

ఈ పరీక్షలో ఏమీ రాకపోయినా అనుమానం పోదు. ఆస్పత్రి వాతావరణంలో, మంచం మీద, డాక్టర్ల మధ్య మింగినప్పుడు ఇంట్లో వచ్చినట్టే రావాలని లేదు. అలాంటప్పుడు అన్నవాహికలో చిన్న బెలూన్ ఉబ్బించి గుండె స్పందనను చూసిన వైద్యులున్నారు. ఎప్పుడో ఒకసారి పడిపోయేవారికి చర్మం కింద అమర్చే లూప్ రికార్డర్ ఉంది. ఏళ్ల తరబడి గుండె లయను గమనిస్తుంది. నిలువుగా లేపిన బల్ల మీద చేసే టిల్ట్ పరీక్ష 1986 నుంచి మామూలు సొమ్మను తేల్చడానికి బాగా వాడుకలోకి వచ్చింది, కానీ అందులో మింగడం ఉండదు. కాబట్టి అది బాగుందని వచ్చినంత మాత్రాన స్వాలో సింకోప్ లేదని అనుకోకూడదు.

గుండె ఆగిన సంగతి పట్టీ మీద దొరికాక పని సగమే అయినట్టు. మిగతా సగం అన్నవాహికలో ఉంది. ఎండోస్కోపీ చేయాలి. బేరియం తాగించి ఎక్స్‌రే తీయాలి. అవసరమైతే అన్నవాహిక కండరాల ఒత్తిడిని కొలిచే మానోమెట్రీ చేయాలి. గుండెకు ఎకో తీయాలి. కార్డియాలజిస్టు, గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు కలిసి మాట్లాడుకోవాల్సిన జబ్బు ఇది. రోగి ఒకరి రిపోర్టులు సంచిలో పెట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్తే, రెండు వైపులా "మా వైపు అంతా బాగుంది" అనే మాటే వినాల్సి వస్తుంది. ఇద్దరి కాగితాలూ ఒకే బల్ల మీదికి చేర్చే బాధ్యత ఎవరో ఒక డాక్టరు తీసుకోవాలి.

తేలిన తర్వాత

చికిత్స గురించి చెప్పడానికి అంత లేదు, అది మంచి విషయమే. గుండెను నెమ్మదింపజేసే మందు కారణమైతే డాక్టరు దాన్ని మారుస్తారు. అన్నవాహికలో లోపం ఉంటే దాన్ని సరిచేస్తారు. దాంతోనే కొందరికి పడిపోవడం ఆగిపోయింది. మిగతావారు చిన్న ముద్దలు, బాగా నమలడం, రెచ్చగొట్టే పదార్థాన్ని మానేయడం, కూర్చునే తినడం తాగడం పాటించాలి. బండి నడుపుతూ నీళ్ల సీసా ఎత్తడం అస్సలు కూడదు. ఇవన్నీ చేసినా పడిపోతుంటే, పరీక్షలో గుండె ఆగుతున్నట్టు స్పష్టంగా కనిపిస్తే, పేస్‌మేకర్ అమరుస్తారు. గుండె తడబడగానే అది అందుకుంటుంది. బీపీ మాత్రమే పడిపోయేవారికి పేస్‌మేకర్ పెద్దగా ఉపయోగపడదు. గుండె లయను, బీపీని రెండింటినీ చూసి నిర్ధారించాలనడం అందుకే. గుండె గోడ దగ్గరున్న వేగస్ నాడీ కేంద్రాలను వేడితో నిర్వీర్యం చేసే కార్డియోన్యూరో అబ్లేషన్ కూడా ఈ మధ్య కొన్ని పెద్ద కేంద్రాల్లో చేస్తున్నారు.

మీ ఇంట్లో ఎవరైనా తింటూనో తాగుతూనో స్పృహ తప్పితే, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇవి కాగితం మీద రాసుకోండి: నోట్లో ఉన్నది ఏమిటి, వేడిదా చల్లనిదా, మింగిన ఎన్ని సెకన్లకు పడ్డారు, ముఖం పాలిపోయిందా కమిలిందా, కుదుపులు ఎంతసేపు వచ్చాయి, తెలివి ఎంతసేపటికి వచ్చింది, ఏ మాత్రలు వాడుతున్నారు. మళ్లీ జరిగితే, ముందు మనిషిని పడుకోబెట్టి, ఇంకొకరిని ఫోన్‌లో వీడియో తీయమనండి. ఛాతీ నొప్పితో పడిపోయినా, పరుగెత్తుతూనో మెట్లెక్కుతూనో పడిపోయినా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయినవాళ్లు ఉన్నా ఒక్కరోజు కూడా ఆగకండి. ఈసీజీ బాగుందని ఇంటికి పంపేస్తుంటే మొహమాటపడకుండా అడగండి: "డాక్టర్‌గారూ, తింటున్నప్పుడు ఒకసారి ఈసీజీ తీసి చూస్తారా?"